స్విచ్ కూడా తవారీఖే: మూడు ఊళ్ల మోటారు షెడ్ల హునర్

తవారీఖ్ అనగానే మన కళ్ల ముందు కిలాలు, తఖ్తులు, జంగులు కదులుతాయి. పెనుకొండ పేరెత్తితే 1565 తళ్లికోట యుద్ధం తర్వాత విజయనగర రాజులు తరలివచ్చిన కొండకోట, గగన్ మహల్, షేర్‌ఖాన్ మసీదు, బాబయ్య దర్గా గుర్తొస్తాయి. ధర్మవరం అంటే పట్టు మగ్గాలు. హిందూపురం అంటే చింతపండు, బెల్లం మండీలు. ఈ మూడు ఊళ్ల చరిత్రలో ఎవరూ రాయని బాబ్, అంటే అధ్యాయం, ఒకటి మిగిలిపోయింది. అది మోటారు షెడ్ల బాబ్. అందులో ఒక చిన్న పుర్జా గురించి ఇవాళ రాస్తున్నాను. పాత కార్లు, జీపులు, మోటారు సైకిళ్ల మీద ఉండే స్విచ్ గురించి.

ఇంత చిన్న వస్తువుకు ఇంత రాత ఎందుకని మీరు అడగొచ్చు. దాదా నడిపిన జీపు, అబ్బా కొన్న బుల్లెట్, వీధిలో ప్రతి బారాత్‌కూ దుల్హాను మోసిన అంబాసిడర్ ఇంకా దాచుకున్న ఖాందాన్లు మనలో ఉన్నాయి. వాటిని మళ్లీ రోడ్డెక్కించాలని పిల్లలు ముచ్చటపడుతున్నారు. రంగు వేయించడం తేలిక. సీట్లు కుట్టించడం తేలిక. డ్యాష్‌బోర్డు మీద ఆ జమానా స్విచ్‌నే సంపాదించి, బండి తగలబడకుండా దానికి తీగలు కలపడం మాత్రం కష్టం. ఆ పని తెలిసిన ఉస్తాదులు తగ్గిపోతున్నారు. వాళ్ల కొడుకులు వేరే కొలువుల్లో ఉన్నారు. హునర్ ఎవరికీ అందకుండా ఖబ్రస్తాన్‌కు పోతోంది. నా ఫికర్ అంతా అదే.

రోడ్డు పక్క మదరసా

హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే పాత 7వ నంబరు జాతీయ రహదారి, ఇప్పటి 44వ నంబరు, పెనుకొండను ఒరుసుకుంటూ పోతుంది. దానికి తూర్పున ధర్మవరం, పడమర హిందూపురం. లారీ నడిచే దారిలో లారీ ఆగిపోవడం కూడా మామూలే. ఆగిన చోట ఒక రేకుల షెడ్డు, దాని ముందు చచ్చిన బ్యాటరీలు, లోపల ఒక ఉస్తాద్, ఇద్దరు ముగ్గురు శాగిర్దులు. మన మోటారు హునర్‌కు ఇదే మదరసా. ఇక్కడ సర్టిఫికెట్ లేదు, ఫీజు లేదు. పొద్దున షెడ్డు ఊడ్చి, పానాలు అందించి, సాయంత్రం చాయ్ తెచ్చిన పిల్లవాడు కొన్నేళ్లకు చీకట్లో తడిమి ఏ తీగ ఎక్కడికి పోతుందో చెప్పేవాడు. దూది ఏకడం గిట్టుబాటు కాక ఈ పనిలోకి వచ్చిన దూదేకుల ఇళ్లూ ఉన్నాయి. ముస్లింల పిల్లలే కాదు, అన్ని కులాల పిల్లలూ ఆ షెడ్లలో నేర్చుకున్నారు. అందరూ పిలిచేది ఒకే పిలుపు: ఉస్తాద్.

షెడ్డులో వినిపించే మాటలు కూడా గమనించండి. మరమ్మతు, దుకాణం, పుర్జా, మిస్త్రీ. వాటి పక్కనే సెల్ఫ్, డైనమో, కటౌట్, ఎర్త్. తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషు మూడూ ఒక్క డబ్బాలో పడుకున్న నట్లు, బోల్టుల్లా కలిసిపోయాయి.

వాళ్ల చేతికి వచ్చిన బండ్లు ఏవి? 1947లో మహీంద్రా వాళ్లు విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ బుల్లెట్ తయారీ మొదలైంది. 1957లో అంబాసిడర్ వచ్చింది, అది ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారుకు తోబుట్టువు. 1961లో మైసూరు నుంచి జావా రావడం మొదలైంది. కరెంటు సామాను సంగతి చూస్తే, బెంగళూరులో బాష్ వాళ్ల మైకో 1951లో, మద్రాసు పాడిలో లూకాస్ టీవీఎస్ 1961లో పుట్టాయి. మద్రాసు, మైసూరు, బెంగళూరు మూడింటి సరుకూ బెంగళూరు మీదుగా మన ఊళ్లకు చేరేది. హిందూపురానికి బెంగళూరు నూరు కిలోమీటర్ల పైచిలుకు. పొద్దున రైలెక్కి పోయిన శాగిర్ద్ రాత్రికి పుర్జా జేబులో వేసుకుని తిరిగొచ్చేవాడు.

స్విచ్‌ల ఖాందాన్

మొదటి మోటారు కార్లను ముందు నిలబడి కడ్డీ తిప్పి లేపేవారు. 1912 మోడల్ క్యాడిలాక్ కారులో చార్లెస్ కెటరింగ్ తయారుచేసిన కరెంటు స్టార్టర్ వచ్చింది. మనం సెల్ఫ్ అంటున్నది దాన్నే. అంతకు కొంచెం ముందు, 1907లో లియో బేక్‌లాండ్ బేకలైట్ కనిపెట్టాడు. కరెంటు పారనివ్వదు, వేడికి కరగదు, నల్లగా నిగనిగలాడుతుంది. ఇక స్విచ్‌లకు అదే లిబాస్ అయ్యింది.

ఆ తర్వాత ప్రతి జమానాకూ ఒక రకం స్విచ్. యుద్ధకాలం విల్లీస్ జీపులో సెల్ఫ్ స్విచ్ పాదం కింద, నేల మీద ఉండేది. లైట్ల స్విచ్‌ను పూర్తిగా లాగాలంటే ముందు చిన్న గడియ నొక్కాలి. రాత్రిపూట దుష్మన్ విమానాలకు వెలుగు కనపడకుండా పెట్టిన బందోబస్తు అది. 1950ల ఇంగ్లీషు కార్లలో డ్యాష్‌బోర్డు మీద లాగి నొక్కే గుండ్రటి నాబులు వచ్చాయి. వాటి మీద ఒక్కొక్క ఇంగ్లీషు అక్షరం ఉండేది. ఎల్ అంటే లైటు, ఎస్ అంటే స్టార్టర్, డబ్ల్యూ అంటే వైపర్. బడి ముఖం చూడని ఉస్తాదులు కూడా ఈ అక్షరాలు చదివేవారు. అంబాసిడర్ డిప్పర్ స్విచ్ క్లచ్ పక్కన నేల మీద ఉండేది, ఎడమ కాలితో తొక్కాలి. జావా తాళంచెవి చూస్తే మేకులా ఉండేది. బుల్లెట్ హెడ్‌లైటు డూమ్‌లోనే లైట్ల స్విచ్, ఆంపియర్ మీటరు, పైన రెండు చిన్న పైలట్ దీపాలు.

తర్వాత పైకీ కిందికీ వేసే టాగిల్ స్విచ్‌లు, ఆ తర్వాత నొక్కుడు పలకలాంటి రాకర్ స్విచ్‌లు. ఈ మార్పు ఫ్యాషన్ కోసం రాలేదు. ప్రమాదంలో ముందుకు పడిన మనిషికి పొడుచుకొచ్చిన టాగిల్ గుచ్చుకునేది. 1968 మోడళ్ల నుంచి అమెరికా భద్రతా నియమాలు గట్టిపడడంతో జాగ్వార్ ఈ టైప్ లాంటి కార్లు కూడా టాగిల్ తీసేసి రాకర్ పెట్టాయి. అందుకే 1962 మోడల్ బండికి రాకర్ స్విచ్ బిగిస్తే, తెలిసినవాడు చూడగానే పట్టేస్తాడు. స్విచ్ రూపమే సన్ చెబుతుంది, అంటే సంవత్సరం.

కంపెనీ ఇచ్చిన స్విచ్‌లు ఇవి. యజమాని తర్వాత పెట్టించుకున్నవి వేరే. పొగమంచు లైటు, వెనక చూసే లైటు, డ్యాష్‌బోర్డు మీద చిన్న ఫ్యాను, రేడియో, జోడు హారన్లు. మన ఇళ్లల్లో ఇంకొకటి కూడా: బారాత్ రోజు కారు చుట్టూ వెలిగే రంగు బల్బుల సరం. దానికోసం స్టీరింగ్ కింద ఒక టాగిల్ స్విచ్ బిగించి, షాదీ అయిపోయాక అలాగే వదిలేసేవారు. పాత అంబాసిడర్‌లో ఎక్కడికీ కలపని స్విచ్ ఒకటి కనిపిస్తే వెంటనే పీకెయ్యకండి. ఏదో ఒక నికాహ్‌కు అది గవాహ్ కావచ్చు.

రంగుల జబాన్

కారులోని తీగల కట్టను ఇంగ్లీషువాళ్లు హార్నెస్ అంటారు, లూమ్ అని కూడా అంటారు. లూమ్ అంటే మగ్గం. ధర్మవరంలో ఈ మాట చెబితే ఎవరికైనా నవ్వొస్తుంది, వెంటనే అర్థమూ అవుతుంది. పాత రోజుల్లో ఆ తీగల మీద ప్లాస్టిక్ బదులు నూలు అల్లిక ఉండేది. అల్లికలో రంగు చార వేసి తీగను గుర్తుపట్టేవారు. నేతగాడు పోగు రంగు చూసి చీర అంచు ఎటు పోతుందో చెప్పినట్లు, ఉస్తాద్ తీగ రంగు చూసి కరెంటు ఎటు పోతుందో చెప్పేవాడు.

లూకాస్ పద్ధతిలో ఆ జబాన్ ఇది. గోధుమ రంగు తీగ బ్యాటరీ నుంచి నేరుగా వస్తుంది, ఎప్పుడూ జిందా. తెలుపు తాళం తిప్పాక వచ్చే కరెంటు. ఆకుపచ్చ తాళం తర్వాత ఫ్యూజు దాటి వచ్చేది. ఊదా రంగు తాళంతో పనిలేకుండా ఫ్యూజు దాటి వచ్చేది, హారన్‌లాంటి వాటికి. నీలం హెడ్‌లైట్లకు, ఎరుపు పార్కింగు, వెనక లైట్లకు, నలుపు ఎర్త్‌కు. ఆకుపచ్చ మీద ఎర్ర చార ఎడమ ఇండికేటరు, ఆకుపచ్చ మీద తెల్ల చార కుడి ఇండికేటరు. కొత్తగా స్విచ్ పెట్టేటప్పుడు ఈ రంగులే వాడండి. చేతికి దొరికిన ఎర్ర తీగతో అన్నీ కలిపేస్తే ఇవాళ పని అయిపోతుంది. పదేళ్ల తర్వాత ఆ బండి విప్పే మనిషి మీకు బద్దువా పెడతాడు.

ఇంకో సంగతి. 1960ల నడుమ దాకా చాలా ఇంగ్లీషు బండ్లలో బ్యాటరీ ప్లస్ వైపే బాడీకి ఎర్త్. విల్లీస్ జీపులో మాత్రం మైనస్ ఎర్త్, అదీ 6 వోల్టులు. మామూలు స్విచ్‌కు ఈ తేడాతో పనిలేదు, ఎటు నుంచి వచ్చినా కరెంటును పంపుతుంది. రేడియో, ఫోను ఛార్జరు, ఎల్‌ఈడీ దీపం మాత్రం తిరగబడితే చచ్చిపోతాయి. ముందు బ్యాటరీ దగ్గర చూసి, ఏ వైపు ఎర్త్ అయిందో తెలుసుకున్నాకే తక్కిన పని.

పాత స్విచ్, కొత్త లోడు

బండ్లు తగలబడేది ఇక్కడే, కాబట్టి కొంచెం హిసాబ్ చేద్దాం. 55 వాట్ల పొగమంచు లైట్లు రెండు పెట్టారనుకోండి. మొత్తం 110 వాట్లు. 12 వోల్టుల బండిలో అది 9 ఆంపియర్ల పైన. 6 వోల్టుల బండిలో అయితే 18 దాటుతుంది. ఆ కాలం లూకాస్ డైనమో మహా అయితే ఇచ్చేది సుమారు 20 ఆంపియర్లు. రెండు హెడ్‌లైట్లకు 7, ఇగ్నిషన్ కాయిల్‌కు 3 నుంచి 4, కొత్త లైట్లకు 9. డైనమో అక్కడికే అలిసిపోయింది. బ్యాటరీకి మిగిలేది సున్నా. బండి నిలబడి మెల్లగా తిరుగుతున్నప్పుడు డైనమో ఇంచుమించు ఏమీ ఇవ్వదు, కాబట్టి అప్పుడు తినేది బ్యాటరీనే. అందుకే తక్కువ వాట్ల బల్బు వేయడం మొదటి తెలివి.

రెండో తెలివి రిలే. ఆ పాత నాబు లోపల ఉన్నది రెండు ఇత్తడి ముక్కలు, ఒక స్ప్రింగు. చిన్న బల్బు కోసం చేసిన దాని గుండా 9 ఆంపియర్లు పంపితే ముక్కలు కాలి, బేకలైట్ పగిలి, వెనక తీగ కరుగుతుంది. రిలేను బానెట్ కింద కనపడకుండా బిగించండి. రిలే మీద నంబర్లు ఉంటాయి. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటి వచ్చే తీగ, 87కి లైటుకు పోయే తీగ, 86కి స్విచ్ నుంచి వచ్చే తీగ, 85కి ఎర్త్. ఇప్పుడు స్విచ్ గుండా పోయే కరెంటు ఒక ఆంపియరులో చిన్న భాగం. స్విచ్ హుకుం ఇస్తుంది, బరువు రిలే మోస్తుంది. చూసేవాళ్లకు మాత్రం డ్యాష్‌బోర్డు 1960లోనే ఉంటుంది. ప్లస్ ఎర్త్ బండిలో లోపల డయోడు ఉన్న రిలే వాడకండి, 6 వోల్టుల బండికి 6 వోల్టుల రిలేనే అడగండి.

తీగ మందం కూడా పోగుల్లోనే లెక్క. పాత పద్ధతిలో 14 పోగుల తీగ 8 ఆంపియర్ల దాకా మోస్తుంది, 28 పోగులది 17 దాకా. 12 వోల్టుల బండిలో పై లైట్లకు 28 పోగుల తీగ, ఇప్పటి లెక్కలో 2 చదరపు మిల్లీమీటర్లది, సరిపోతుంది. ఫ్యూజు వీలైనంత బ్యాటరీ దగ్గరే ఉండాలి. ఇక్కడ ఒక ధోకా ఉంది. పాత లూకాస్ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే అది కరిగిపోయే కరెంటు, రోజూ మోసేది అందులో సగమే. ఇప్పటి ఫ్యూజు మీద 35 అని ఉంటే అది మోసే కరెంటు. పాతది తీసి అదే అంకె ఉన్న కొత్తది వేస్తే, ఫ్యూజు కంటే ముందు తీగ కాలుతుంది.

అసల్, నకల్

ఇక పాత స్విచ్ దొరికేదెక్కడ? మన మూడు ఊళ్లలో మూతపడిన షెడ్ల అటకలే మొదటి చోటు. ఆ తర్వాత బెంగళూరు శివాజీనగర్ గుజరీ, జేసీ రోడ్డు. మద్రాసులో పుదుపేట, హైదరాబాదులో రాణీగంజ్, ఢిల్లీలో కశ్మీరీ గేట్. అంబాసిడర్ 2014 దాకా తయారైంది, జావా వారసత్వపు యెజ్డీ 1996 దాకా. కాబట్టి వాటి పుర్జాలు ఇంకా దొరుకుతాయి. కాకపోతే 1990ల పుర్జాను 1958 బండికి అంటగట్టేవాళ్లూ అక్కడే దొరుకుతారు.

గుర్తుపట్టే తరీఖా ఉంది. స్విచ్‌ను తిరగేసి వెనక చూడండి. లూకాస్ పుర్జాల మీద చాలావరకు నంబరు, దాని పక్కన నెల, సంవత్సరం చిన్న అంకెల్లో గుద్ది ఉంటాయి. మరలు చూడండి. పాత ఇంగ్లీషు పుర్జాకు ఇంగ్లీషు కొలతల మరలే ఉంటాయి. మెట్రిక్ మర సాఫీగా ఎక్కితే అది తర్వాతి జమానాది. తీగ తగిలించే చోటు చూడండి. మరతో బిగించేదీ, గుండులాంటి కొనను దూర్చేదీ పాతవి. పలక మీదికి తోసే కొన తర్వాత వచ్చింది. నాబును బొటనవేలితో వేడెక్కేదాకా రుద్ది వాసన చూడండి. బేకలైట్ అయితే ఆసుపత్రి ఫినాయిల్ లాంటి ఘాటు వస్తుంది. ఒక పెద్ద నగరంలో నాకు అసల్ అని చెప్పి చూపించిన స్విచ్ మరకు మామూలు మెట్రిక్ నట్టు రెండు చుట్లలో ఎక్కేసింది. నవ్వి వెనక్కి ఇచ్చాను. దుకాణదారు కూడా నవ్వాడు.

నకల్ వాడడం గునాహ్ కాదు. అసలు దొరకనప్పుడు మంచి నకల్ బండిని బతికిస్తుంది. దాన్ని అసల్ అని చెప్పి అమ్మడమే తప్పు. సరుకులో ఐబు ఉంటే చెప్పి అమ్మాలని మన ఇళ్లల్లో చిన్నప్పటి నుంచీ వింటున్న మాటే. బండి కాగితాలతో పాటు ఒక చీటీ ఉంచండి: ఏ స్విచ్ బండితో వచ్చింది, ఏది గుజరీలో కొన్నది, ఏది కొత్తగా చేయించింది. ఆ చీటీ ఉంటే నకల్ కూడా నిజాయితీగా నిలబడుతుంది.

దొరికిన స్విచ్ పని చేయకపోతే పారేయొద్దు. వెనక రేకు చెవులు మెల్లగా పైకెత్తి విప్పండి. స్ప్రింగు, చిన్న గోళీ ఎగిరిపోతాయి, కాబట్టి తెల్లగుడ్డ లోపల పెట్టి విప్పాలి. ఇత్తడి ముక్కల నలుపుకు హిందూపురం చింతపండు కంటే మంచి దవా లేదు. అమ్మీ బిందెలు తోమినట్లే కాసేపు నానబెట్టి రుద్ది, నీళ్లతో బాగా కడిగి, ఎండలో ఆరబెట్టండి. ఇనప స్ప్రింగుకు మాత్రం చింతపండు తగలనివ్వకండి, తుప్పు పడుతుంది. తిరిగి బిగించాక లైటు వేసి, స్విచ్ రెండు కొనల మధ్య మల్టీమీటరు పెట్టండి. ముల్లు సున్నా దగ్గరే ఉంటే స్విచ్ సేహత్‌గా ఉంది. అర వోల్టు దాటితే లోపల ఇంకా మసి ఉన్నట్లే.

సర్కారు కాగితం, మన అమానత్

2021 జూలైలో కేంద్ర రవాణా శాఖ వింటేజ్ వాహనాలకు వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న రెండు, నాలుగు చక్రాల బండ్లకు నంబరులో వీఏ అక్షరాలు వస్తాయి. మొదటి రుసుము 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత పొడిగింపుకు 5,000. రోజువారీ తిరుగుడుకు, కిరాయికి ఆ బండి పనికిరాదు. నియమంలో చెప్పిన పెద్ద మార్పులు ఛాసిస్, బాడీ, ఇంజనువి, స్విచ్‌లవి కావు. కానీ అసలు రూపం అన్న మాట ఒకసారి కాగితం మీదికి వచ్చాక ప్రతి పుర్జాకూ ఖద్ర్ పెరిగింది. నిన్నటిదాకా కిలో లెక్కన పోయిన డబ్బా ఇవాళ వెతికి కొనుక్కునే సరుకు అయ్యింది.

పెనుకొండ పక్కన ఎర్రమంచి దగ్గర 2017లో కియా ఫ్యాక్టరీకి ఒప్పందం కుదిరింది, 2019లో సెల్టోస్ కార్లు బయటికొచ్చాయి. ఆ కార్లలో వేలు తాకితే తెర వెలుగుతుంది. మన పాత రిలే సూత్రమే అక్కడ కంప్యూటరు దాకా ఎదిగింది. వేలు హుకుం ఇస్తుంది, బరువు వేరొకటి మోస్తుంది. మన పిల్లలు ఆ పనిలోకి పోవడం మాషా అల్లా మంచిదే. రోజీ ఎక్కడ ఉంటే మనిషి అక్కడికి పోతాడు. పాత షెడ్డులో నేర్చినది కూడా వాళ్లకు తెలిసి ఉంటే, అది ఇంకో మనిషికి అందుతుంది.

కాబట్టి ఒక దర్ఖాస్తు. మీ ఇంట్లో, మీ మామూ ఇంట్లో, మూతపడిన షెడ్డు మూలలో పాత పుర్జాల డబ్బా ఉంటే కబాడీకి వేసే ముందు ఒక్కసారి విప్పండి. ప్రతి స్విచ్‌కూ దారం కట్టి, ఏ బండిదో, ఏ ఊరు షెడ్డుదో రాసి పెట్టండి. ముసలి ఉస్తాద్ ఎవరైనా హయాత్‌లో ఉంటే ఒక జుమా మధ్యాహ్నం ఆయన దగ్గర కూర్చోండి. కాగితం మీద ఆయన తీగల నఖ్షా గీయించుకోండి, ఏ రంగు ఎటు పోతుందో ఆయన మాటల్లోనే రాసుకోండి. ఆయన చేతులు వణుకుతుంటే పెన్సిల్ మీరు పట్టుకోండి.